వాఙ్మయచర్చలందు అనుపలబ్ధి ప్రమాణము

వాఙ్మయచరిత్రమునుగూర్చిన వివాదములలో మిక్కిలి తఱచుగా వినవచ్చు హేతువు "కానరాదు" అనునది. ఒక కవి మఱొక కవిని స్తుతింపలేదు గనుక రెండవవాఁడు మొదటివానికిఁ బూర్వుఁడు కాఁడందురు. ఒక గ్రంథము తాళపత్రభాండాగారములలో దొరకలేదు గనుక నది పుట్టనే లేదందురు. ఒక శబ్దరూపము ప్రసిద్ధకావ్యములందు లేదు గనుక నది యసాధువందురు. ఈ మూఁడు మాటలకును మూల మొక్కటే. కనఁబడనిది లేదను విశ్వాసమే యా మూలము.

ఈ విశ్వాసము కొన్నియెడల నిర్దుష్టమైన ప్రమాణమగును. కొన్నియెడల వట్టి యూహ యగును. ఏయెడ నెట్లగునో నిర్ణయించు నియమమును భారతీయతర్కశాస్త్రము వేయేండ్లకుఁ బూర్వమే చెప్పియున్నది. ఆ నియమమును దెలుఁగువాఙ్మయచర్చలకు నన్వయించి చూచినచోఁ జిరకాలముగా సాగుచున్న వివాదములు కొన్ని తేటపడును. మఱికొన్ని యిప్పటి సాధనములతోఁ దేలనివని స్పష్టపడును. ఈ రెండవఫలమును దక్కువది కాదు. తేలని విషయమును దేలినదానివలెఁ బాఠ్యపుస్తకమున నొకమాఱు ముద్రించినచో బాలురు దానిని వల్లింతురు. వారే యుపాధ్యాయులై మరల శిష్యులకుఁ జెప్పుదురు. "లేదు" అని యచ్చుపడిన చోట వెదకుట యాగిపోవును. కావున నీ మాటను బ్రయోగించుటయందు జాగరూకత శాస్త్రవ్యసనము మాత్రమే కాదు. విద్యార్థులయెడ బాధ్యతయుఁ గూడ.

వాదాంగములు

గౌతముని న్యాయసూత్రములు విచారకథను మూఁడు తెఱఁగులుగా విభజించినవి. తత్త్వనిర్ణయముకొఱకుఁ బ్రమాణతర్కములతో జరుపునది వాదము. గెలుపే గుఱిగా ఛలజాతినిగ్రహస్థానములనుగూడ వాడుకొనునది జల్పము. తనపక్షమును స్థాపింపక పరపక్షఖండనమే పనిగాఁ బెట్టుకొన్నది వితండ. సభలలో వాదమను పేర జరుగునది పలుమాఱులు జల్పమే యగుట యెల్ల రెఱిఁగినదే.

వాదమునకుఁ బ్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని యవయవము లైదు. కొండపై నిప్పు కలదనుట ప్రతిజ్ఞ. పొగ యున్నది గనుక ననుట హేతువు. పొగ యున్నచోట నెల్ల నిప్పుండును, వంటయింటియందువలె ననుట యుదాహరణము. అట్టి పొగయే యీ కొండపైఁ గలదనుట యుపనయము. కావున నిప్పు కలదని ముగించుట నిగమనము. ఇందుఁ బ్రాణమువంటిది మూఁడవయవయవమున నున్న వ్యాప్తి. హేతువు చెప్పినంతమాత్రమునఁ బ్రతిజ్ఞ సిద్ధింపదు; ఆ హేతువునకును సాధ్యమునకును దప్పని సంబంధము కలదని చూపవలయును. వివాదములలోఁ బ్రతిజ్ఞ గట్టిగాఁ బలుకఁబడును, హేతువును జెప్పఁబడును. వ్యాప్తిని మాత్ర మడుగువారు గాని చూపువారు గాని యరుదు.

మఱొక నియమము. ప్రతిజ్ఞ చేసినవాఁడే దానిని సాధింపవలయును. "కాదని నీవు నిరూపింపుము" అని భారము నెదుటివానిపైఁ ద్రోయుట వాదమర్యాద కాదు. ప్రతిజ్ఞను ముమ్మాఱు పలికినను నది హేతువు కాఁజాలదు. పలికినవాని పాండిత్యప్రసిద్ధియు హేతువు కాదు.

భావరూపమైన సాక్ష్యమున కొక మాదిరి

అభావమునుగూర్చి విచారించుటకు ముందు, ఉన్నదానిని సాధించు సాక్ష్య మెట్లుండునో యొక యుదాహరణమునఁ జూచుట మేలు. నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కాలమువాఁడనుట ప్రతిజ్ఞ. దీనికి రెండు సాక్ష్యములు కలవు. మొదటిది భారతావతారిక. రాజరాజు కోరఁగా భారతాంధ్రీకరణమునకుఁ బూనుకొంటినని నన్నయ యందుఁ జెప్పినాఁడు. నారాయణభట్టు తనకుఁ దోడ్పడెననియుఁ గృతజ్ఞతతోఁ బేర్కొన్నాఁడు. రెండవది నందంపూడి శాసనము. క్రీ. శ. 1053లో రాజరాజు నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు దానముచేసినట్లు రాగిఱేకులపైఁ జెక్కఁబడినది. ఆ శాసనమును రచించినవాఁడు నన్నియభట్టని దానియందే యున్నది.

ఈ సాక్ష్యముల బలము వాని సంఖ్యయందు లేదు. వాని స్వాతంత్ర్యమునందుఁ గలదు. భారతము శతాబ్దములతరబడి లేఖకుల చేతులు మాఱుచు వచ్చిన తాళపత్రగ్రంథము. శాసనము నాఁడు చెక్కఁబడి, యటుపిమ్మట నే లేఖకుని చేయియుఁ దగులక నిలిచినది. ఒకదానిని జూచి రెండవదానిని గల్పించుట కవకాశము లేదు. అట్టి రెండింటను రాజును, కవియు, కవిమిత్రుఁడును గలసి కనఁబడుట కాకతాళీయమనుట పొసఁగదు. ఒకే మూలమునుండి పదుగురు వ్రాసికొన్న పది పుస్తకములకంటె వేర్వేఱు మార్గముల వచ్చిన యీ రెండు సాక్ష్యములు గొప్పవి. పదిపుస్తకములు పదిసాక్ష్యములవలెఁ గనఁబడును గాని విచారింప నవి యొక్కటే.

అనుపలబ్ధికి యోగ్యత

ఇఁక నభావము మాట. ఈ గదిలోఁ గుండ లేదని యెట్లు తెలియును? కనఁబడలేదు గనుక. ఈ కనఁబడకుండుటకే శాస్త్రమున ననుపలబ్ధి యని పేరు. కుమారిలభట్టుని యనుయాయులగు మీమాంసకులును, అద్వైతులును దీనిని వేఱొక ప్రమాణముగా నంగీకరించిరి. నైయాయికులు దానిని బ్రత్యక్షమునకు సహకారిగా మాత్ర మొప్పుకొనిరి. ఈ భేద మెట్లున్నను, ఒక్క విషయమునం దెల్లరు నేకీభవించిరి. చీఁకటిగదిలోఁ గుండ కనఁబడలేదని చెప్పి కుండ లేదనరాదు. వెలుతురుండవలెను, చూచువాని కన్ను బాగుండవలెను, అడ్డము లేకుండవలెను. కుండ యున్నచోఁ దప్పక కనఁబడియుండెడిది యని చెప్పఁగలిగినపుడే కనఁబడకపోవుట ప్రమాణము. ఇట్టిదానికి యోగ్యానుపలబ్ధి యని పేరు.

క్రీ. శ. 7వ శతాబ్దివాఁడగు బౌద్ధతార్కికుఁడు ధర్మకీర్తి యీ నియమమును న్యాయబిందువునందు మఱింత పదునుపెట్టినాఁడు. దేశముచేతఁ గాని, కాలముచేతఁ గాని, స్వభావముచేతఁ గాని దూరమైన వస్తువు కనఁబడకపోయినచో దానివలనఁ గలుగునది సంశయమే గాని నిశ్చయము కాదని యాతని నిర్ణయము. స్వభావముచేత దూరమైనదానికిఁ బిశాచము ప్రసిద్ధోదాహరణము: అది కనఁబడలేదని చెప్పి లేదనియు ననరాదు, ఉన్నదనియు ననరాదు. ఈ హేతువిద్యాసంప్రదాయమున కాంధ్రదేశముతో సంబంధము లేకపోలేదు. ధర్మకీర్తికిఁ బూర్వాచార్యుఁడైన దిఙ్నాగుఁడు వేంగీప్రాంతమున నొక కొండపై నివసించి తర్కగ్రంథమును రచించెనని 7వ శతాబ్దిలో నీ దేశమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు వ్రాసినాఁడు.

వాఙ్మయచరిత్రము కాలముచేత దూరమైన వస్తువులతో వ్యవహరించును. కావున ధర్మకీర్తి చెప్పిన హెచ్చరిక మిగిలిన శాస్త్రములకంటె దీనికే యెక్కువగాఁ జెందును.

నన్నయకుఁ బూర్వపు పద్యము

నన్నయకుఁ బూర్వము తెలుఁగున బద్యమే లేదను నభిప్రాయ మొకప్పుడు పలువురకుండెడిది. దానికిఁ జెప్పఁబడిన హేతువు లనుపలబ్ధిరూపములే: అంతకుఁ బూర్వపు తాళపత్రగ్రంథము దొరకలేదు, నన్నయయుఁ దనకుఁ బూర్వులైన తెలుఁగుకవులను స్తుతింపలేదు.

ఈ రెండింటి యోగ్యతను బరీక్షింపవలయును. తాటియాకు మన్నికగలదే కాని శాశ్వతము కాదు. తేమయు, చెదలును, పురుగును గల యీ దేశమున నొక ప్రతి కొన్నివందలయేండ్లు నిలుచుటయే గొప్ప. గ్రంథము బ్రదుకవలయునన్నచో నది జీర్ణమగుటకు ముందే మఱియొకరు దానిని వ్రాసికొనవలయును. నన్నయభారతము నేఁటికిఁ జేరినదియు నట్టి ప్రతులపరంపరచేతనే. కావున 9వ శతాబ్దినాఁటి తెలుఁగుగ్రంథ మొకటి యున్నను, దానిని వ్రాసికొనువారు లేకపోయినచో నది నేఁడు కనఁబడుట కవకాశము లేదు. ఉన్నను గనఁబడనిచోట కనఁబడకపోవుట చీఁకటిగదిలోఁ గుండ కనఁబడకపోవుటవంటిది. ఇఁక నన్నయ మౌనము. పూర్వాంధ్రకవిస్తుతి తప్పక చేయవలెనను నియమము నన్నయ కాలమున నుండెనని ముందుగా నిరూపింపక, యాతని మౌనమునుండి యేమియు నూహింపరాదు.

ఆకులు చెప్పలేని మాటను శిలలు చెప్పినవి. గుణగవిజయాదిత్యుని సేనానియగు పాండురంగని యద్దంకిశాసనమున, 9వ శతాబ్దినాఁటిది, తరువోజపద్యము కలదు. 10వ శతాబ్దినాఁటి యుద్ధమల్లుని బెజవాడశాసనమున మధ్యాక్కరలు కలవు. ఆ శతాబ్దిదే యైన కుర్క్యాలశాసనమును, కన్నడకవి పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు కరీంనగరుమండలమున బొమ్మలమ్మగుట్టపైఁ జెక్కించినది. అందు సంస్కృతకన్నడములతోపాటు మూఁడు తెలుఁగు కందపద్యము లున్నవి. గద్యమునకైనచో నింకను బూర్వపు సాక్ష్యము కలదు. రేనాటిచోళుఁడు ధనంజయుని కలమళ్ళశాసనము 6వ శతాబ్దినాఁటిది.

ఈ శాసనములు సాధించినదెంత? యతిప్రాసనియమములతోఁ గూడిన పద్యరచన భారతమునకు రమారమి రెండువందలయేండ్లకుఁ బూర్వమే తెలుఁగున నుండెనని సాధించినవి. ఒక్క యద్దంకి పద్యమే చాలును. "లేదు" అను సార్వత్రికమైన మాటను భంగపఱచుట కొక్క "ఉన్నది" చాలును గదా. అయిననవి సాధింపని దింకొకటి కలదు. నన్నయకుఁ బూర్వము తెలుఁగున మహాకావ్యము లుండెనని యా శిలలు చెప్పలేదు. దానశాసనమునఁ బద్యము చెక్కించుట వేఱు, పర్వములుగల ప్రబంధమును నిర్వహించుట వేఱు. ఆదికవి యనఁగాఁ దెలుఁగునఁ దొలిపద్యము చెప్పినవాఁడని యర్థము చేసికొన్నచో నా బిరుదము నిలువదు. నేఁటికి నిలిచియున్న తొలి మహాకావ్యమునకుఁ గర్త యని యర్థము చేసికొన్నచో నది చెక్కుచెదరదు. ప్రతిజ్ఞ పరిమాణము హేతువు పరిమాణమును మించరాదనుట కిది మంచి యుదాహరణము.

మౌనమునుండి భావమును సాధించుట

ఈ దోషమునకు మఱొకవంక మఱొక దోషము కలదు. నన్నయకుఁ బూర్వము జైనులు విరివిగాఁ దెలుఁగుకావ్యములు రచించిరనియు, మతద్వేషముచేత నవి దగ్ధములయ్యెననియుఁ గొందఱు చెప్పిరి. జైనుఁడైన జినవల్లభుని పద్యములచేత 10వ శతాబ్దిని జైనులు తెలుఁగుపద్యములు చెప్పిరనుట సిద్ధము. అంతవఱకు వివాదము లేదు. కావ్యములు పెక్కులుండెననుట రెండవప్రతిజ్ఞ. అవి తగులఁబెట్టఁబడెననుట మూఁడవప్రతిజ్ఞ. మొదటిదాని సాక్ష్యము మిగిలిన రెండింటిని మోయఁజాలదు.

మొదటివాదులు కనఁబడలేదు గనుక లేవనిరి. ఈ రెండవవాదులు కనఁబడలేదు గనుక నశింపఁజేయఁబడె ననిరి. ఇరువురకు నాధారము మౌనమొక్కటే. కాని మౌనము లేమిని జెప్పుటయే కష్టము. అది యొక సంఘటనను, ఆ సంఘటనకుఁ గర్తలను, వారి యుద్దేశమును జెప్పుట యెన్నఁడును సంభవింపదు. గ్రంథదహనము నిజముగా జరిగినచో దానికిఁ గొన్ని జాడలుండవచ్చును: లక్షణగ్రంథములందు నిలిచిన యుదాహరణములు, ప్రతిపక్షులు వ్రాసిన ఖండనములు, అన్యభాషాకవుల ప్రశంసలు. అట్టి జాడలను జూపుట యా ప్రతిజ్ఞ చేసినవారి పని. చూపునంతవఱకు నది చరిత్రము కాదు, సంభావన మాత్రమే.

కేతన మాటయు, చింతామణియు

మౌనము నిజముగా బలమైన సాక్ష్యమగు తావు నొకటి చూడవలయును. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున రచింపఁబడిన తెలుఁగువ్యాకరణము. అది నన్నయకృతమని ప్రసిద్ధి. 17వ శతాబ్దిలో నెలకూచి బాలసరస్వతి దానికి వ్యాఖ్య రచించెను. 1656లో నారంభింపఁబడిన యప్పకవీయము దానినే యాధారముగాఁ జేసికొన్నది.

13వ శతాబ్దిలోఁ గేతన యాంధ్రభాషాభూషణమును రచించెను. తెలుఁగునకు లక్షణము నదివఱ కెవ్వరును జెప్పలేదని యాతఁ డా గ్రంథముననే స్పష్టముగాఁ బలికినాఁడు. ఈ సాక్షి యోగ్యతను విచారింపుఁడు. ఇతఁడు తెలుఁగువ్యాకరణమే రచింపఁబూనినవాఁడు. కావునఁ బూర్వవ్యాకరణములను వెదకుట యాతని కవసరము. ఇతఁడు తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చినవాఁడు. కావున భారతకవుల సంప్రదాయమునకు మిక్కిలి దగ్గఱివాఁడు. నన్నయకు సుమారు రెండువందలయేండ్లకు మాత్రమే యీవలివాఁడు. నన్నయవ్యాకరణము లోకమునఁ బ్రచారమున నున్నచో దానిని దెలిసియుండవలసినవారిలో మొదటివాఁ డితఁడే. ఇది చీఁకటిగది కాదు; దీపముపెట్టి చూచిన గది. కేతన యనుపలబ్ధి యోగ్యానుపలబ్ధి.

దీనికి సమాధానముగాఁ జింతామణీపక్షమువారి చేత నొక కథ కలదు. అప్పకవి చెప్పిన దానినిబట్టి, నన్నయపైఁ గినిసి వేములవాడ భీమన యా వ్యాకరణమును గోదావరిలోఁ గలిపెను. రాజరాజు కుమారుఁడగు సారంగధరుఁడు దానిని ముందే కంఠస్థము చేసి, సిద్ధుఁడై చిరకాలము జీవించి, మతంగపర్వతసమీపమున బాలసరస్వతి కందఁజేసెను. ఈ కథ కేతన మౌనమునకుఁ జక్కఁగాఁ గారణము చెప్పుచున్నది. నడుమ నాఱువందలయేండ్లు గ్రంథము లోకమున లేదు గనుకఁ గేతన యెఱుఁగఁడు. ఇట్లు చెప్పినచో నెదుటివాని హేతువు వీఁగిపోయినట్లు తోఁచును.

కాని యిచ్చటనే జాగ్రత్త వలయును. సాక్ష్య మెందులకు దొరకదో తనలోనే చెప్పికొను ప్రతిజ్ఞ యే పరీక్షకును జిక్కదు. గ్రంథము కనఁబడినచో నన్నయకృతమే యందురు. కనఁబడకున్నను భీమన పాఱవైచుటచేత ననుచు నన్నయకృతమే యందురు. అట్లైనచో నా కథకే ప్రత్యేకముగా సాక్ష్యము కావలయును. ఆ కథయో, నన్నయకు నాఱువందలయేండ్ల పిమ్మట వెలసినది. వ్యాకరణము నన్నయదనుట యెంత సాధింపవలసియున్నదో, సారంగధరుఁ డాఱువందలయేండ్లు బ్రదికి దానిని గాపాడెననుట యంతకంటె నెక్కువగా సాధింపవలసియున్నది. సాధ్యముతోపాటు తానును సాధింపవలసినదిగా నున్న హేతువును గౌతముఁడు సాధ్యసమమను హేత్వాభాసముగాఁ బరిగణించినాఁడు. ఈ కథ యట్టిది.

ఇంతమాత్రమునఁ జింతామణి నన్నయది కాదని సంపూర్ణముగా సిద్ధించెనా? అదియుఁ గాదు. గ్రంథము పరిమితమైన ప్రచారము కలిగి కేతనకుఁ జేరకపోయినదనుటకు లేశమైన యవకాశము మిగిలియున్నది. ఆ లేశమును దీర్చునది మౌనము కాదు. సూత్రములను నన్నయ ప్రయోగములతోఁ బోల్చి చూచుట యనెడి భావరూపసాక్ష్యము. అంతవఱకు "నన్నయకృతమని ప్రసిద్ధి" యని వ్రాయుట న్యాయము. "నన్నయకృతము" అని వ్రాయుట కాధారము చాలదు.

నన్నెచోడుని విషయము

1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును బ్రకటించెను. కవి నన్నయకుఁ బూర్వుఁడని యాయన ప్రతిపాదించెను. దానిపైఁ బెనువివాదము చెలరేఁగెను. తరువాతి పరిశోధకులు పలువు రా కవిని 12వ శతాబ్దివానినిగా నిర్ణయించిరి. ఈ కాలనిర్ణయవివాద మట్లుండఁగా, మఱికొంద ఱింకను ముందునకుఁ బోయి, యింతటి కావ్యమును దర్వాతికవు లెవ్వరును స్తుతింపలేదు గనుక నిది ప్రాచీనము కాదు, పరిష్కర్త కల్పనయే యనిరి.

ఇక్కడి మౌనము కేతన మౌనమువంటిది కాదు. పూర్వకవిస్తుతి కవి యిష్టమునకును, సంప్రదాయమునకును, మతమునకును లోఁబడినది. నన్నెచోడుఁడు జంగమమల్లికార్జునునకు శిష్యుఁడైన శైవుఁడు. అన్యసంప్రదాయకవు లాతనిని స్తుతింపవలసిన యగత్య మేమియు లేదు. పైఁగా నా మౌనము సంపూర్ణమును గాదు. టేంకణాదిత్యుఁడను నాతని బిరుదమును బేర్కొను పద్య మొకటి యథర్వణుని పేర లక్షణసంప్రదాయమున నున్నది. కూటరచన యను ప్రతిజ్ఞ గ్రంథకాలమును మాత్రమే స్పృశించునది కాదు. ఒక పండితుని నిజాయితీని స్పృశించునది. అట్టి ప్రతిజ్ఞకుఁ బత్రములు, లిపి, లేఖకుని వ్రాఁత, భాష యను వానిని బరీక్షించి తెచ్చిన భావరూపసాక్ష్యము కావలయును. ఒకరి మౌనమును మఱొకరి నేరమునకు సాక్ష్యముగాఁ బెట్టుట తగదు.

సాధుశబ్దవివాదము

గ్రంథాలయములు దాఁటి ప్రజాసభలకును, బాఠశాలలకును బ్రాకిన వివాద మొకటి కలదు. విద్యార్థులు వ్యాసములు గ్రాంథికమున వ్రాయవలయునా, శిష్టవ్యావహారికమున వ్రాయవలయునా యనునది. 1911లో మద్రాసున స్థాపింపఁబడిన యాంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షమున నిలిచినది. 1913లో గిడుగు రామమూర్తి యాధునికభాషాపక్షమునను, జయంతి రామయ్య కావ్యభాషాపక్షమునను నింగ్లీషునఁ బ్రత్యేకగ్రంథములు ప్రకటించిరి.

పండితులు గద్యమున వ్యావహారికరూపములు వాడలేదను మాట నాఁడు తఱచుగా వినఁబడినది. ఇది సార్వత్రికమైన యభావప్రతిజ్ఞ. రామమూర్తి దీనికి వాక్పటిమతోఁ గాక పట్టికలతో బదులు చెప్పెను. పూర్వవ్యాఖ్యాతల గద్యములనుండియు, లేఖలనుండియు, శాసనములనుండియు నుదాహరణములు సేకరించెను. గ్రాంథికవాదుల రచనలందే వ్యాకరణవిరుద్ధప్రయోగములను బుటలతోఁ జూపెను. అట్టి సేకరణమే గద్యచింతామణి. ఎదుటివాఁడు స్వయముగాఁ దెఱచి చూచుకొనుటకు వీలుగా స్థలమును జూపుట యాతని వాదపద్ధతిలోని బలము.

ఇచ్చటను హేతువునకు మేర కలదు. ఒక రూపము పూర్వగద్యమున నుండెననుట యా యుదాహరణములచేత సిద్ధము. ఆ రూపమును బాఠశాలలో బోధింపవలయుననుట వేఱొక ప్రతిజ్ఞ. దానికి విద్యార్థి సౌకర్యము, ప్రాచీనకావ్యపరిచయము, లోకవ్యవహారము అను వేఱు హేతువులు కావలయును. ఉన్నదనుటనుండి యుండవలయుననుట దానంతటదియే రాదు. అట్లే కావ్యభాషకు వేయేండ్ల యైక్యము కలదనుటనుండి యదియే నేఁటి గద్యమునకుఁ దగినదనుటయు దానంతటదియే రాదు. ఉభయపక్షములవారిలోను గొందఱు మొదటిదానికిఁ దెచ్చిన సాక్ష్యమును రెండవదానికి నాధారముగాఁ జూపుచుండిరి. వివాదము దీర్ఘమగుట కది యొక హేతువు.

పరీక్షకు నాలుగు ప్రశ్నలు

పై యుదాహరణములనుండి తేలునది యిది. మౌనము సాక్ష్యము కాకపోదు; పలుకవలసినవాఁడు, పలుకఁదగినచోట, పలుకకున్నపుడే యది సాక్ష్యము. "లేదు" అను ప్రతిజ్ఞ యెదురైనపుడు నాలుగు ప్రశ్నలు వేయవలయును.

మొదటిది, వెదకినవస్తు వేది? పద్యమా, కావ్యమా, వ్యాకరణమా? వస్తువు మాఱినచో సమాధానము మాఱును. రెండవది, ఎచ్చట వెదకిరి? ముద్రితగ్రంథములందా, తాళపత్రపట్టికలందా, శాసనములందా? మూఁడవది, అది యున్నచో నా చోటఁ గనఁబడియుండెడిదా? అద్దంకినాఁటి కావ్యము తాటియాకుపై నేఁడు కనఁబడదు. నన్నయవ్యాకరణము ప్రచారమున నున్నచోఁ గేతనకుఁ గనఁబడవలసినది. నాలుగవది, లేమి గాక కనఁబడకపోవుటకు వేఱు కారణము కలదా. ఉన్నచో నా కారణమునకు స్వతంత్రసాక్ష్యము కలదా? నందంపూడి శాసనమువంటి సాక్ష్య మా కారణమునకు నున్నచోఁ గథ చరిత్రమగును. లేనిచోఁ జరిత్రముగాఁ జెప్పఁబడినదియుఁ గథయే.

ఈ ప్రశ్నలు పరిశోధకునికి మాత్రమే గాక పాఠశాలలోని పండితునికిని బనికివచ్చును. పదవతరగతి బాలుఁడు తర్కసంగ్రహము చదువనక్కఱలేదు. ఏ వాక్యమునకైనను "ఇది యెట్లు తెలిసినది?" అని యడుగుటయు, "లేదు" అన్నచోట "ఎక్కడ వెదకిరి?" అని యడుగుటయు నాతనికి నలవడినచోఁ జాలును. అట్టి ప్రశ్నను ధిక్కారముగాఁ దలఁపక యుపాధ్యాయుఁడు బదులు చెప్పినచో నా తరగతిలో జరిగినది వాదమగును.

వ్రాయువారికిఁ గావలసిన మార్పు చిన్నది. "నన్నయకుఁ బూర్వము తెలుఁగునఁ గావ్యము లేదు" అనుటకు బదులు, "నేఁటివఱకుఁ బరిష్కరింపఁబడిన శాసనములందును, ప్రకటితములైన తాళపత్రపట్టికలందును, నన్నయకుఁ బూర్వపుఁ దెలుఁగుకావ్య మేదియు నిశ్చయముగా గుర్తింపఁబడలేదు" అని వ్రాయవచ్చును. వాక్యము కొంత పొడవైనది. కాని రేపొక గ్రామమున నింకొక శిల బయలుపడినచో, మొదటివాక్యమును వ్రాసినవాఁడు దానిని గొట్టివేయవలయును. రెండవవాక్యమును వ్రాసినవాఁడు దానిక్రింద నొక పంక్తిని జేర్చిన సరిపోవును.